మెయిన్‌ఫ్రేము విద్యయు మన యాడపిల్లలును

పరదేశమున నొక బిడ్డయైన లేని యిల్లు నేడు మన వీధులలో నరుదు. అచ్చటి మన బిడ్డల బ్యాంకు లెక్కలు, బీమా పత్రములు, వృద్ధాప్యపు పింఛనులు మున్నగువానిలో పెక్కింటిని కాపాడుచున్నది మెయిన్‌ఫ్రేము అను నొక పెద్ద కంప్యూటరు. అది పాతజాతి యంత్రము. దాని పేరు విన్నంతనే యువకులు ముఖము చిట్లింతురు. మన కళాశాలలలో దానిని నేర్పువారు మిక్కిలి తక్కువ. అయినను దాని నెఱిగినవారికొఱకు కంపెనీలు వెదకుచునే యున్నవి. ఈ వైపరీత్యము మా యింట నొక యాడపిల్ల బ్రదుకుతో ముడిపడి వచ్చుటచే, సంవత్సరము పాటు మే మీ విషయమును విచారింపవలసి వచ్చెను. అందు దెలిసికొన్నదానిని మీ ముందుంచుచున్నాము.

మొదట నీ యంత్ర మెట్టిదో చెప్పుదుము. ఇంటిలో బల్లమీద నుండు కంప్యూటరు ఒక్కరి పని చేయును. మెయిన్‌ఫ్రేము వేలకొలది జనుల పని నేకకాలమున చేయును. ఇంటి పొయ్యికిని, సత్రములోని గాడిపొయ్యికిని గల భేదము వంటిదే యిది. సత్రమున పంక్తి వెనుక పంక్తి లేచుచున్నను గుండిగ దిగదు, వడ్డన యాగదు. ఐ.బి.యం. కంపెనీవారు 1964 ఏప్రిల్ 7వ తేదీన సిస్టమ్ 360 అను యంత్రముల కుటుంబమును ప్రకటించిరి. చిన్న యంత్రమునకు వ్రాసిన పని పెద్ద యంత్రముపైనను నడచుట దాని విశేషము. 2025లో వచ్చిన జడ్ 17 అను యంత్రమును ఆ వంశమున బుట్టినదే. తాతలనాడు వ్రాసిన లెక్కలు మనుమలనాటి యంత్రముపై నేటికిని సాగుచున్నవి.

ఈ యంత్రముపై నెక్కువగా వాడబడు భాష కోబాలు. 1959లో అమెరికాలో ప్రభుత్వమువారును, కంపెనీలవారును గూడి యేర్పఱచిన సంఘము దానిని రూపొందింప మొదలిడెను. గ్రేస్ హాపరు అను విదుషి యంతకు ముందే నిర్మించిన ఫ్లో-మాటిక్ అను భాష దానికి ముఖ్యమైన యాధారము. గణితపు గుర్తులతో గాక మాటలతోనే యంత్రమునకు పని చెప్పవచ్చునని వాదించి, చేసి చూపిన స్త్రీ యామె. కావున నీ విద్య పురుషులదే యను భ్రమ మనకు మొదటినుండియు నక్కఱలేదు.

మన దేశమునకు నీ యంత్రములు క్రొత్త గావు. మద్రాసు ఐ.ఐ.టి.లో 1973లో ఐ.బి.యం. 370 తరగతి యంత్రమును నెలకొల్పిరి. ఆ కాలపు విద్యార్థులు రంధ్రములు పొడిచిన యట్టముక్కలను కట్టలుగా గట్టి యిచ్చి, ఫలితపు కాగితముల కొఱకు వేచియుండెడివారు. మన హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థవారు స్వదేశముననే కంప్యూటర్లను నిర్మించిరి. 1978లో ఐ.బి.యం.వారు మన దేశమును విడిచిపోయి, 1992లో టాటాలతో గూడి మఱల వచ్చిరి. ఈ నడుమ చిన్న కంప్యూటర్లు బయలుదేరినవి. వెల తక్కువ, ఒక గదిలో ముప్పది పెట్టవచ్చును. కళాశాలల పాఠములును వానిచుట్టునే పెరిగినవి.

అంతలో 2000 సంవత్సరపు గండము వచ్చెను. పూర్వము జ్ఞాపకశక్తి ఖరీదగుటచే, సంవత్సరమును రెండంకెలతోనే వ్రాసెడివారు. 1965ను 65 అనిరి. ఇక 00 అన్నచో యంత్రము దానిని 1900గా దలచును. మన పంచాంగములో ప్రభవ యనినచో 1927లో మొదలైన ప్రభవయా, 1987లో మొదలైనదా యని ప్రక్కన మఱొక గుర్తు లేక తెలియదు గదా! ఇదియు నట్టి చిక్కే. కోట్లకొలది పంక్తులను వెదకి సవరింప వలసి వచ్చెను. అందులకు జనము చాలక, 1998లో అమెరికా శాసనసభవారు హెచ్-1బి యనుమతుల వార్షిక పరిమితిని 1999, 2000 సంవత్సరములకు 65,000 నుండి 1,15,000కు పెంచిరి. అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుపట్ల కోబాలు తరగతులు నాడు కిటకిటలాడినవి. కామర్సు చదివినవారును, సివిలు ఇంజనీర్లును, ఉపాధ్యాయులును వచ్చి కూర్చుండి నేర్చుకొని విమాన మెక్కిరి. గండము గడచినంతనే ఆ బల్లలపై జావా వచ్చి కూర్చున్నది. తరువాత మఱియొకటి, మఱియొకటి. కాని యంత్రములు మాత్రము ఉన్నచోటనే యున్నవి.

మేముండునది మాసబ్ ట్యాంకు. కుతుబ్‌షాహీ రాజకుటుంబపు స్త్రీ యొకర్తను 'మా సాహెబా' యని గౌరవించి, చెరువునకు నామె పేరు పెట్టిరనియు, ఆ పేరే మాసబ్ అయ్యెననియు జెప్పుదురు. నేడు చెరువు లేదు. పేరు మాత్రము బస్సుల నొసటను, దుకాణముల పలకలమీదను మిగిలియున్నది. మెయిన్‌ఫ్రేము సంగతి దీనికి విపరీతము. దాని పేరు కళాశాలలలో మఱుగుపడినది గాని, చెరువు నిండుగా నున్నది. పొలములకు నీరు పారుచున్నది.

ఇక మా యింటి సంగతి. మా యాడబిడ్డ కూతురు గుంటూరు జిల్లాలోని యొక పల్లెటూరి పిల్ల. కంప్యూటర్లు ముఖ్యాంశముగా బి.యస్‌సి. ముగించి మా యింటికి వచ్చినది. తండ్రికి రెండెకరముల మెట్ట తప్ప వేఱాధారము లేదు. ఆయన యొక సంవత్సరము గడువిచ్చెను. ఆ లోపల నుద్యోగము దొరకనిచో, చేతిలో నున్న సంబంధమును ఖాయపఱతునని చెప్పెను. సంబంధము చెడ్డది గాదు. పిల్ల కిష్టము లేదు. తల్లి తన పుట్టింటివారు పెట్టిన గాజులజతను తాకట్టు పెట్టి, 30,000 రూపాయలు పిల్ల చేతిలో నుంచినది. అదియే పెట్టుబడి. రెండవసారి పెట్టుటకు వేఱొక జత లేదు.

పిల్ల చదివిన పుస్తకములను మేము తిరుగవేసి చూచితిమి. కంప్యూటర్ల రకములను జెప్పు పాఠములో మెయిన్‌ఫ్రేమును గూర్చి నాలుగు పంక్తులున్నవి. మూడు సంవత్సరములలో నంతే. ఆమెయో, ఆ విద్యనే నేర్తునని కూర్చున్నది. తమ యూరి యల్లుని చెల్లెలు పదునెనిమిదేండ్లుగా నదే పనిమీద బ్రదుకుచున్నదని విన్నదట. మా మఱది కుమారుడు సాఫ్ట్‌వేరు ఉద్యోగి; పిలిచి యడిగితిమి. అతడు నవ్వి, "పెద్దమ్మా! అది చచ్చిపోతున్న విద్య. దానికి డబ్బు పోయడం బూడిదలో పోసిన పన్నీరే" అనెను. పిల్ల యూరకుండలేదు. "అందరూ ఎక్కే బండిలో నాకు నిలబడడానికైనా చోటు లేదు అత్తయ్యా. ఎవరూ ఎక్కని బండిలో కూర్చునైనా పోవచ్చు గదా!" అన్నది. మా వారు బడిలో లెక్కలు చెప్పువారు గనుక, ఇరువురి మాటలును విని, "ముందు విచారించండి, తరువాత నిర్ణయించండి" అని లేచిపోయిరి. విచారించు పని మాపై బడెను.

మాసబ్ ట్యాంకు నుండి బంజారాహిల్సు మొదటి నంబరు రోడ్డు మీదుగా పంజగుట్టకును, అచ్చటినుండి అమీర్‌పేటకును బస్సులో బోయితిమి. ఆ పేటను చూడని సోదరీమణుల కొక మాట. తిరునాళ్లలో గాజులవాడు, బొమ్మలవాడు పిలిచినట్లు, అచ్చట విద్యను పిలిచి యమ్ముదురు. మేడ నిండ పలకలు, చేతినిండ కాగితములు, ఇఱుకు మెట్లు, ప్రతి యంతస్తునను మూడు నాలుగు తరగతులు. మొదటి రోజు లిచ్చు ఉచిత పాఠమును 'డెమో' యందురు. రెండు దినములలో నాలుగు చోట్ల విచారించితిమి. ఒకచోట గోడమీద 'నూటికి నూరుపాళ్లు ఉద్యోగము' అని వ్రాసియున్నది. రుసుము 18,000 రూపాయలు. "ఈ గోడమీది మాటను రసీదుమీద గూడ వ్రాసి యిత్తురా?" యని మే మడిగితిమి. బల్లవెనుక నున్న యబ్బాయి మాకు మంచినీళ్లు దెప్పించెను గాని, బదులు చెప్పలేదు. మేము మెట్లు దిగి వచ్చితిమి.

నాలుగవచోట పలకలేమియు లేవు. కంపెనీలో నుద్యోగము చేయుచున్న యొకాయన తెల్లవాఱి 7 గంటలకు తరగతి నడపును. 12,000 రూపాయలు, రెండు నెలలు. "ఉద్యోగము నేనిప్పించలేనమ్మా, పని మాత్రము నేర్పుదును" అని ముందే చెప్పెను. యంత్రము దూరదేశమున నున్నను, ప్రతి విద్యార్థికి దానిపై వేఱు పేరును, వేఱు తాళపుమాటయు నిత్తుననెను. ఈ రెండు మాటలను బట్టియే యచ్చట చేర్చితిమి. మిగిలిన 18,000 బ్యాంకులో నుంచితిమి.

పిల్ల రాత్రులందు పాఠములు వల్లించుచుండ మేము ప్రక్కన గూర్చుండి వింటిమి. మాకు చిన్ననాట మా తాతగారు ఇంటిలోనే ఛందస్సు చెప్పియుండిరి. కోబాలు పంక్తికి 80 గడులనియు, మొదటి యాఱు వరుస సంఖ్యకు, ఏడవది గుర్తుకు, శీర్షికలు 8వ గడినుండి, పని చెప్పు వాక్యములు 12వ గడినుండి 72వ గడి లోపలనే యుండవలెననియు బిడ్డ చదువుచుండగా మాకు నవ్వు వచ్చెను. ఉత్పలమాలకు 10వ యక్షరమున, చంపకమాలకు 11వ యక్షరమున యతి చెల్లవలెను గదా! పూర్వపు అట్టముక్కలో 80 వరుస లుండుటయే యీ నియమమునకు గారణమట. అట్టముక్కలు పోయినను నియమము నిలిచినది.

యంత్రమునకు పని యప్పగించు భాష వేఱొకటి గలదు, దానిని జె.సి.యల్. అందురు. పంక్తి మొదట రెండు వాలుగీతలు గీసి వ్రాయవలెను. అందలి ముఖ్యమైన వాక్యములు మూడు. జాబ్ అనునది పని యెవరిదో చెప్పును. ఎగ్జెక్ అనునది ఏమి చేయవలెనో చెప్పును. డీడీ అనునది ఏయే సరకు కావలెనో, ఫలిత మెచ్చట నుంచవలెనో చెప్పును. "ఇది సంకల్పమే గదే!" యంటిమి. వ్రతమునకు గూర్చున్నప్పుడు మొదట గోత్రనామములు, పిదప చేయు కర్మము, ముందుగా సమకూర్చుకొన్న సంభారములు. పసుపు మఱచి పూజకు గూర్చున్నచో నడుమ లేవవలసివచ్చినట్లే, డీడీ మఱచినచో పని నడుమ నిలిచిపోవును. ఆనాటినుండి పిల్ల జె.సి.యల్. తప్పులేదు.

ఎస్0సి7 అను దోష మొకటి యీ పనిలో ప్రసిద్ధము. అంకె యుండవలసిన గడిలో ఖాళీయో, అక్షరమో యున్నచో, లెక్క చేయబోయి యంత్ర మాగిపోవును. లక్షల పద్దులలో నే పద్దున నా రాయి యున్నదో పట్టుటయే నేర్పు. రాయిని తీసివైచుటతో జాలదు. అది యే చేటనుండి వచ్చినదో గూడ కనిపెట్టవలెను. వంటయింటి పెద్దల కీ మాట వేఱుగ జెప్ప నక్కఱలేదు.

ఇచ్చట సోదరీమణులు ముఖ్యముగా దెలిసికొనవలసిన సంగతి యొకటి గలదు. ఈ విద్యలో మొదటి మెట్లకు డబ్బే యక్కఱలేదు. ఐ.బి.యం.వారు జడ్ ఎక్స్‌ప్లోర్ అను పేర నుచితముగా పాఠములు పెట్టి, నిజమైన మెయిన్‌ఫ్రేముపైననే యభ్యాసము చేయనిచ్చుచున్నారు. ఓపెన్ మెయిన్‌ఫ్రేము ప్రాజెక్టు అను సంఘమువారి కోబాలు పాఠములు 2020 నుండి యందఱికి నుచితముగా దొరకుచున్నవి. హెర్క్యులీసు అను నుచిత ప్రోగ్రాము ఇంటి కంప్యూటరునే పాత మెయిన్‌ఫ్రేమువలె నటింపజేయును. గ్ను కోబాలు అనునది యింటి కంప్యూటరుపైననే కోబాలును నడపును. మా పిల్ల మొదట మూడు వారములు వీనితో సాధన చేసి, తనకు రుచించునని తెలిసిన పిదపనే రుసుము కట్టినది. గాజులు తాకట్టు పెట్టుటకు ముందు ప్రతి తల్లియు నీ పరీక్ష చేయించుట మేలు.

మఱి కళాశాలలవా రేల నేర్పరు? వారిని మాత్రమే నిందించుట న్యాయము గాదు. యంత్రము కొనుట వారి తరము గాదు. పని యెఱిగినవారు కంపెనీల జీతములు విడిచి పాఠములు చెప్ప రారు. విద్యార్థులును క్రొత్త పేరున్న విద్యనే యడుగుదురు. కాని యంత్రమును గొనవలసిన కాలము గతించినది. దూరమున నున్నదానిని తీగమీదుగా వాడుకొనవచ్చును. వారమునకు రెండు సాయంకాలములు పని యెఱిగినవారు వచ్చి చెప్పినచో, ఆఱు నెలలలో నొక యైచ్ఛిక పాఠము ముగియును. మా పేటలోనే ప్రభుత్వ పాలిటెక్నిక్కు గలదు. అట్టి విద్యాశాలలు మన జిల్లాలలో పెక్కింట గలవు. అట్టిచోట నీ తరగతి పెట్టినచో, పల్లెటూరి పిల్ల అమీర్‌పేట మెట్లెక్కి రసీదులకై వాదింప బనిలేదు.

ఈ యుపేక్ష వలని నష్టమును అమెరికావారు 2020 ఏప్రిలులో జూచిరి. కరోనా వ్యాధి వలన పనులు పోయినవారు లక్షలుగా నిరుద్యోగ భృతి కడిగినపుడు, న్యూజెర్సీ రాష్ట్ర గవర్నరు ఫిల్ మర్ఫీగారు కోబాలు తెలిసినవారు కావలెనని బహిరంగముగా గోరవలసి వచ్చెను. ఇల్లు కాలుచుండ బావి త్రవ్వుట యనగా నిదియే.

'కృత్రిమ మేధ వచ్చినది గదా; పాత కోబాలును క్రొత్త భాషలోనికి నదియే మార్చును; ఇక మనుష్యు లెందులకు?' అనువారు గలరు. 2023లో ఐ.బి.యం.వారే కోబాలును జావాలోనికి మార్చుటకు దోడ్పడు సాధనమును ప్రకటించిరి. ఈ శంక కొట్టివేయదగినది గాదు. కాని భారతమును దెనిగింప మొదలిడిన నన్నయ్యగారికి సంస్కృతము తెలియకున్న నేమయ్యెడిది? యంత్రమే యనువదించినను, అనువాదము సరియో కాదో చూచువారికి మూలము తెలియవలెను. పదిమంది చేయుపని నలుగురే చేయుదురేమో; ఆ నలుగురును బాగుగ నెఱిగినవారై యుండవలెను. పైపైన నేర్చినవారికి మాత్ర మిది కష్టకాలమే.

రాత్రి పని యొకటి కలదు. దినమంతయు వచ్చిన లెక్కలను రాత్రి కుప్పగా నూర్చుట యీ యంత్రముల పద్ధతి గనుక, కావలియుండువారికి నిద్ర చెడును. దీనిని దాచి పిల్లలను బంపరాదు. వాహన మెవరు పంపుదురో, వారమున కెన్ని రాత్రులో ముందే యడుగవలెను. 'ఆడపిల్లకు దగునా?' యనువారికి మాత్రము అయ్యలసోమయాజుల లలితగారిని జ్ఞప్తికి దెత్తుము. 1919లో బుట్టిన యా తెలుగు వనిత పదునెనిమిదవ యేట పసిబిడ్డతో వితంతువై, పిదప మద్రాసు గిండీ కళాశాలలో విద్యుచ్ఛాస్త్రమును జదివి మన దేశమున మొదటి స్త్రీ ఇంజనీర్లలో నొకరైరి. 1964లో న్యూయార్కులో జరిగిన స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ మహాసభకు వెళ్లిరి. ఆమె చదివిననాడు లేని వసతులు నేడు మన పిల్లలకు గలవు.

మా పిల్ల సంగతి ముగింతుము. ఐదు కంపెనీలవారు 'అనుభవము లేదు' అని త్రిప్పి పంపిరి. తొమ్మిదవ నెల గడచిన పిమ్మట పల్లెనుండి ఉత్తరువు వంటి కబురు వచ్చినది. ఆ రాత్రి పిల్ల యన్నము తినలేదు. ఆఱవ కంపెనీలో నడిగినవారు ఎస్0సి7 దోషమున్న కాగితమును ముందు పడవేసి, పద్దు నెట్లు పట్టుదువో చెప్పుమనిరి. తాను చేసిన పనియే గనుక చెప్పినది. 22,000 రూపాయల జీతమున శిక్షణలో దీసికొనిరి. మూడవ నెలలో తల్లి గాజులు విడిపింపబడినవి. ఆమె తరగతిలోని తొమ్మండుగురిలో నీ పని దొరకినది ముగ్గురికే. మఱి యిద్దఱు వేఱు పనులలో జేరిరి. నలుగు రింకను వెదకుచున్నారు. ఆ సంబంధము తప్పిపోయెను. పిల్ల తండ్రి నేటికిని మాతో ముక్తసరిగనే మాటాడును. దానికి మేము బాధపడుదుము గాని, జరిగినదానికి విచారింపము.

కావున తల్లులారా, రుసుము కట్టుటకు ముందు మూడు వారము లుచిత పాఠములతో బిడ్డ మనస్సును దెలిసికొనుడు. చెప్పువాడు పని చేసినవాడో కాడో, యంత్రముపై బిడ్డ చేయి పడునో పడదో యడుగుడు. గోడమీది మాటను రసీదుపై వ్రాయనివారికి సొమ్ము చెల్లింపకుడు. ఇచ్చిన గడువు చాలదని తోచినచో, బిడ్డ పక్షమున మఱి నాలుగు నెలలు అడుగుటకు వెనుదీయకుడు. మీ యూరి కళాశాలలో నీ విద్యను నేర్పుచున్నచో, ఆ వివరములను ఈ పత్రికకు వ్రాసి పంపుడు. అది యెఱుగక యెచ్చటనో గాజులు తాకట్టు పెట్టబోవుచున్న తల్లి యొకతె చదువగలదు.